కొండ మీది గిలక, కాలువ మీది లాకు

మొదటి రోజు

సంక్రాంతి వెళ్లిన వారానికి బయల్దేరాం. అమ్మ, మావయ్య, అత్తయ్య, నేను. షిర్డీ మొక్కు అమ్మది. అక్కణ్ణుంచి నాసిక్ జిల్లాలో ఉన్న సప్తశృంగి అమ్మవారిని కూడా చూసి రావాలన్నది అత్తయ్య పట్టు. మా వీధిలో ఒకావిడ వెళ్లొచ్చి, "మెట్లెక్కక్కర్లేదు పిన్నిగారూ, రైలుపెట్టెలో కూచోబెట్టి కొండ మీదికి లాగేస్తారు" అని చెప్పిందట. అమ్మ మోకాళ్లకు ఆ ఒక్క మాట చాలింది.

మావయ్య మాత్రం నమ్మలేదు. "రైలు ఎత్తెక్కదురా. ఎక్కితే జారిపోద్ది" అన్నాడు. ఆయన మాటని తేలిగ్గా తీసెయ్యలేం. నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే కాలువ తలుపులూ గట్లూ చూసుకునే పనిలో, ముప్పై ఏళ్లు చేసిన మనిషి. మా తాతయ్య కూడా లస్కరే. ఎత్తుపల్లాలు వాళ్ల ఇంటి విద్య. బల్లపరుపుగా కనిపించే చేలో ఏ మూల బెత్తెడు పల్లం ఉందో నీళ్లు పెట్టకముందే చెప్పేస్తాడు. అలాంటి మనిషి డెబ్బై దాటినా ఇంతవరకూ ఎక్కిన పెద్ద ఎత్తు అన్నవరం కొండ ఒక్కటే. కోనసీమలో పుట్టినవాళ్లకి కొండంటే ఏటిగట్టే మరి.

మా ఊరు మలికిపురం దగ్గర. ఆటోలో సఖినేటిపల్లి రేవుకు చేరేసరికి వశిష్ట మీద మంచు ఇంకా విడలేదు. పంటు అవతలి ఒడ్డున ఉందో నడిమధ్య ఉందో తెలీదు, ఇంజిను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కాసేపటికి మంచులోంచి ముందు ఒక మోటారుసైకిలు, దాని వెనక పాలక్యాన్లు, ఆ తర్వాత మనుషులు బయటపడ్డారు. తెలియనివాళ్ల కోసం చెప్పాలంటే పంటు అంటే పెద్ద బల్లపరుపు పడవ. మనిషి, మేక, బైకు, కారు అన్నీ ఎక్కుతాయి. ఇక్కడ వంతెన వస్తుందన్న మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఈలోగా నాకు తల నెరిసింది.

అవతలి ఒడ్డు నరసాపురం. నాగర్‌సోల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడే మొదలవుతుంది. మా వైపు వాళ్లు షిర్డీకి వెళ్లేది ఎక్కువగా దీంట్లోనే. రైలు కదిలాక మావయ్య కిటికీ దగ్గర కూచుని ఒక సంగతి కనిపెట్టాడు. "గోదారి సముద్రంలో కలిసే చోట ఎక్కాం. దిగేది గోదారి పుట్టిన జిల్లాలో. అంటే మనం ఏటికి ఎదురు పోతున్నామన్నమాట." నిజమే. నాగర్‌సోల్ నాసిక్ జిల్లాలోదే. ఇన్నేళ్లుగా ఈ రైలెక్కుతున్నాను, నాకు ఎప్పుడూ తట్టలేదు.

పాలకొల్లు, భీమవరం, ఆకివీడు. దాళ్వా నాట్లు, అంటే రెండో పంట వరి నాట్లు, పడుతున్నాయి. చేపల చెరువుల మీద ఏరేటర్లు తిరుగుతున్నాయి. మావయ్య ప్రతి కాలువకీ పేరు చెబుతూ, ఎక్కడ గుర్రపుడెక్క తీయలేదో, ఎక్కడ గట్టు బలహీనమో తప్పులు పడుతూ వచ్చాడు. గుడివాడ దగ్గరికి వచ్చేసరికి నోరు మూసేశాడు. ఏమైంది అంటే, "ఇది కృష్ణా ఆయకట్టు. వాళ్ల కాలవల సంగతి మనకెందుకు" అని పులిహోర డబ్బా తెరిచాడు.

రెండో రోజు

నాగర్‌సోల్‌లో దిగి జీపు మాట్లాడుకున్నాం. షిర్డీకి ఒక గంట దారి. మధ్యలో కోపర్‌గావ్ దగ్గర వంతెన వచ్చింది. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే "గోదావరీ" అన్నాడు. మావయ్య జీపు ఆపించాడు.

దిగి చూశాం. మాఘమాసం కూడా రాలేదు, అయినా ఏటిలో నీళ్లు అంతంతమాత్రం. రాళ్లు, నాచు, ఒక పక్క బట్టలుతుకుతున్నవాళ్లు. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీయే మూడున్నర కిలోమీటర్లుంటుంది. ఇక్కడ ఈ ఒడ్డు నుంచి పిలిస్తే ఆ ఒడ్డువాళ్లు పలుకుతారు. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిన్నప్పుడు ఎవరైనా ఇంతేలే" అన్నాడు. మామూలుగా ఇలాంటి మాటలు అనే మనిషి కాదు. ప్రయాణంలో మనుషులు కాస్త మారతారనుకుంటా.

షిర్డీ సంగతి పెద్దగా రాయను, మన వాళ్లలో చూడనివాళ్లు తక్కువ. దర్శనం అయింది, మొక్కు తీరింది, మావయ్య చెప్పులు పోయాయి. బాత్రూం చెప్పులు కొనుక్కున్నాడు. ఆంధ్రా మెస్సులో గోంగూర పచ్చడి మాత్రం మా ఇంటి పచ్చడి కంటే బాగుంది. ఈ మాట అమ్మ ముందు అనలేదు.

మూడో రోజు

తెల్లవారుజామున కారులో బయల్దేరాం. డ్రైవరు మరాఠీ కుర్రాడు, తెలుగు ముక్కలు కొన్ని వచ్చు. అతనికి నేర్పింది శ్రీకాకుళం వాళ్లయి ఉండాలి, "బేగి రండి, బేగి రండి" అంటున్నాడు. దారంతా ఉల్లి మళ్లు, ద్రాక్ష తోటలు. తర్వాత ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకీ అత్తయ్య ఆంజనేయ దండకం ఎత్తుకుంటోంది.

సప్తశృంగి అంటే ఏడు కొండకొమ్ములు. కారు సగం ఎత్తులో ఉన్న ఊరిదాకా వెళుతుంది. అక్కడ తలెత్తి చూస్తే నిలువుగా ఒక రాతి గోడ, దాని నడుముకు అతుక్కున్నట్టు గుడి. రాతిలో తొలిచిన మెట్లు దాదాపు 500. ఆ మెట్లకి పక్కగా, కొండ వాలు మీద నిచ్చెన ఆనించినట్టు పట్టాలు. అక్కడివాళ్లు దాన్ని రోప్‌వే అంటారు, ట్రాలీ అంటారు. అసలు పేరు ఫ్యునిక్యులర్. లాటిన్‌లో ఫ్యునిక్యులస్ అంటే సన్నతాడు అని అర్థం. రోప్‌వే అంటే గాల్లో వేలాడే పెట్టె అనుకుని వచ్చిన అత్తయ్య, పట్టాలు చూశాక గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

2018 జులైలో ఇది మొదలైంది. దేశంలో ఇదే మొదటిదని చెప్పుకుంటారు. పళని వెళ్లొచ్చినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. సుబ్రహ్మణ్యస్వామి కొండ మీదికి అక్కడ 1960లలోనే వించ్ వేశారు. అదీ తాడుతో లాగే పెట్టే.

టికెట్లు తీసుకునే ముందు కొబ్బరికాయలు కొనాలి కదా. దుకాణంవాడు చెప్పిన ధర విని మావయ్య కాయ చేతిలో ఊపి చూసి, "ఇది మన దగ్గర నుంచే వచ్చి ఉంటది. దీనికి మనమే ఎదురు డబ్బిస్తున్నాం" అని బాధపడ్డాడు. ఇంటి వెనక నలభై చెట్లున్న మనిషి బాధ అది. అయినా కొన్నాడు.

ట్రాలీ లోపల నేల మెట్లు మెట్లుగా ఉంది. కొండ ఎంత వాలుగా ఉన్నా కూచున్నవాళ్లు నిటారుగానే ఉండటానికి. జనం అంతా ముందువైపుకి, అంటే గుడివైపుకి ఎగబడ్డారు. మావయ్య మాత్రం వెనకవైపు అద్దం దగ్గర నిలబడి కింద పట్టాలకేసి చూస్తున్నాడు. పట్టాల మధ్య లావుపాటి ఉక్కు తాడు. అది నేలకి రాసుకోకుండా వరసగా గిలకలు.

"తాడు తెగితే?" అన్నాడు.

అమ్మ ఆయన్ని కొట్టినంత పని చేసింది. నేను మెల్లగా చెప్పాను. ఇలాంటి బండ్లకి కిందే బ్రేకులుంటాయి, తాడు బిగువు తప్పితే అవి పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి అని. "లాగేది ఎవరు?" పైన మోటారు. "ఇంత మందినా? ఎంత పెద్ద మోటారు కావాలి!"

అప్పుడే బండి కదిలింది. కుదుపు లేదు, రైలు కూతా లేదు. దుకాణాలు, మెట్ల మీది మనుషులు, కోతులు అన్నీ కిందికి జారిపోతున్నట్టున్నాయి. సగం దూరం వెళ్లామో లేదో, ఎదురుగా ఇలాంటిదే ఇంకో బండి దిగి వస్తోంది. ఉన్నవి ఒకే జత పట్టాలు! అత్తయ్య నా చెయ్యి పట్టేసుకుంది. సరిగ్గా ఆ చోట పట్టాలు రెండుగా విడిపోయాయి, రెండు బండ్లూ భుజాలు రాసుకునేంత దగ్గరగా తప్పుకున్నాయి, మళ్లీ ఒకటే దారి. దిగేవాళ్లు చేతులూపారు. మేమూ ఊపాం. మావయ్య మాత్రం ఊపలేదు. కళ్లు పెద్దవి చేసుకుని, దిగిపోతున్న ఆ బండికి వెనకాల కట్టి ఉన్న తాడుని చూస్తున్నాడు.

"ఒరేయ్, ఇది బావి గిలకరా!"

పెట్టెలో ఉన్న మరాఠీ వాళ్లంతా తిరిగి చూశారు.

అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు. తాడుకి రెండు కొసలా రెండు చేదలు కట్టిన బావి ఎవరికి తెలీదు? ఒకటి దిగుతుంటే ఇంకోటి పైకొస్తుంది. దిగే బండి బరువే ఎక్కే బండిని లాగుతుంది. రెండు పెట్టెల బరువూ ఒకదానికొకటి సరిపోతుంది కాబట్టి మోటారుకి మిగిలేది మనుషుల తేడా, కాస్త రాపిడి. పైనుంచి నిండుగా దిగి, కింది నుంచి ఖాళీగా ఎక్కితే మోటారు లాగడం మానేసి పట్టి ఆపాల్సి వస్తుంది కూడా. రెండూ ఒకే తాడు మీద ఉన్నాయి గనక ఎప్పుడు బయల్దేరినా సరిగ్గా సగం దూరంలోనే కలుస్తాయి. అందుకే పట్టాలు అక్కడొక్కచోట చీలితే చాలు.

చీలినచోట ఏ బండి ఏ పక్కకి వెళ్లాలో ఎవరు చెబుతారన్నది మావయ్య రెండో ప్రశ్న. రైలు స్టేషన్లో అయితే పాయింట్లు మార్చే మనిషి ఉంటాడు. ఇలాంటి కొండ దారుల్లో ఆ పని సాధారణంగా చక్రాలదే. ఒక బండికి ఎడమ చక్రాలు పట్టాని రెండు పక్కలా పట్టుకునేలా గాడితో ఉంటాయి, కుడి చక్రాలు రోకలిలా నున్నగా ఉంటాయి. రెండో బండికి ఇదే తిరగేసి. కాబట్టి ఒకటి ఎప్పుడూ ఎడమకే పోతుంది, ఇంకోటి ఎప్పుడూ కుడికే. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఈ ఏర్పాటు ఆబ్ట్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరుది. 1886లో అక్కడి లుగానో ఊళ్లో వేసిన దారిలో మొదట పెట్టారు. ఇది వినగానే మావయ్య, "మనిషిని పెట్టకుండా పని జరిగిందంటే ఆడు అసలైన ఇంజనీరు" అన్నాడు. పాయింటు దగ్గర మనిషిని పెడితే అర్ధరాత్రి నిద్రపోతాడని ఆయనకు తెలుసు. ఎలా తెలుసో అడగలేదు.

మూడు నిమిషాలు పట్టిందేమో. ఎక్కామో లేదో దిగమన్నారు.

అమ్మవారి గురించి. కొండ రాతిలోనే వెలసిన పెద్ద విగ్రహం, ఒళ్లంతా సింధూరం, పద్దెనిమిది చేతులు. తల కొంచెం పక్కకి వాల్చి ఉంటుంది. ఎదురుగా కనిపించే కొండ మీద కూచుని మార్కండేయుడు ఆమె కథ చెబుతుంటే చెవి ఒగ్గి వింటోందట. దేవతలు వరాలివ్వడం, రాక్షసుల్ని చంపడం చాలా చోట్ల చూశాను. కూచుని కథ వినే దేవత నాకు కొత్త. అమ్మ చాలాసేపు కదల్లేదు. మెట్లెక్కి వచ్చి ఉంటే ఆయాసంతోనే సరిపోయేదని, అందుకే ఇంత తాపీగా చూడగలిగానని తర్వాత అంది.

దిగేటప్పుడు మావయ్య మళ్లీ వెనకవైపుకే, అంటే ఈసారి పైవైపుకి, నిలబడ్డాడు. సగంలో ఎదురు బండి రాగానే ఈసారి చెయ్యి ఊపాడు. "ఇందాక వాళ్లు మనల్ని లాగారు. ఇప్పుడు మనం వీళ్లని లాగుతున్నాం" అన్నాడు అమ్మతో. ఆమెకి అర్థమైందో లేదో, తల ఊపింది.

రాత్రి నాసిక్‌లో బస. మావయ్యకి నిద్ర పట్టట్లేదు. "మోటార్లు రాకముందు ఇలాంటివి ఉండేవా?" అని అడిగాడు. ఫోన్ తీసి చదివి వినిపించాను. ఆ రోజు ఆయనకి నేను చేసిన అసలు ఉపకారం అది. ఎందుకంటే మోటార్లు లేనప్పుడు వాటిని నడిపింది నీళ్లు. పైన ఆగిన బండి అడుగున ఒక ట్యాంకు ఉంటుంది. అందులోకి నీళ్లు వదులుతారు. బరువెక్కి అది దిగుతుంది, కింది బండిని పైకి లాగుతుంది. కిందికి చేరాక నీళ్లు వదిలేస్తారు. ఈలోగా పైకి చేరిన బండి ట్యాంకు నింపుతారు. పోర్చుగల్లో బ్రాగా ఊరి దగ్గర బొం జెజుస్ గుడి కొండకి 1882లో వేసింది ఇప్పటికీ ఇలాగే నీళ్లతోనే నడుస్తోంది. అదీ గుడి కొండే, దానికీ మెట్లున్నాయి! ఇంగ్లండులో లింటన్, లిన్‌మత్ ఊళ్ల మధ్య 1890లో మొదలైనదీ అంతే. అక్కడ ఏటి నీళ్లు గొట్టంలో తెచ్చి ట్యాంకులో వదులుతారు.

మావయ్య మంచం మీద లేచి కూచున్నాడు. ఎన్ని నీళ్లు పడతాయి, పైన చెరువు ఉందా, ఎండాకాలం ఏం చేస్తారు, కింద వదిలిన నీళ్లు ఎటు పోతాయి. సగానికి సగం నాకు తెలీదు. చివరికి ఆయనే, "అంటే లాకేరా అది. కొండకి కట్టిన లాకు. ఊరెళ్లాక చూపిస్తా" అని పడుకున్నాడు. వెంటనే గురక.

నాలుగో రోజు

త్ర్యంబకం. జ్యోతిర్లింగ దర్శనానికి నాలుగు గంటల క్యూ. ఆ నాలుగు గంటల గురించి రాయడానికేం లేదు, పాదాల నొప్పి తప్ప.

కుశావర్తం మాత్రం చెప్పాలి. చుట్టూ రాతి మండపాలున్న కోనేరు, వెనక బ్రహ్మగిరి. గోదావరి ఆ కొండ మీద పుట్టిందని, గోహత్య పాపం పోవడానికి గౌతముడు తెచ్చిన గంగే ఇదని కథ. మా కోనసీమకి తూర్పున పారే పాయకి గౌతమి అని పేరు వచ్చింది ఆయన వల్లే. వశిష్ట, గౌతమి, ఆత్రేయ అంటూ ఏడుగురు ఋషుల పేర్లతో ఏడు పాయలు లెక్కపెడతాం మనం. "అక్కడ ఏడు కొమ్ములు, మన దగ్గర ఏడు పాయలు" అని అమ్మ వేళ్లు మడిచింది. ఈ లెక్కకి ఏ ఆధారమూ లేదు, కానీ వినడానికి బాగుంది.

అమ్మ ఒక సీసాలో నీళ్లు పడుతుంటే అత్తయ్య నవ్వింది. "ఎందుకు మొయ్యడం? ఈ నీళ్లే కదా పారి పారి మన ఇంటి ముందుకొచ్చేది."

"రావు" అన్నాడు మావయ్య. లస్కరు గొంతు అది. "దార్లో జాయక్‌వాడీ డ్యాము ఉంది, పోచంపాడు డ్యాము ఉంది. వానాకాలం వరదైతే సరే. ఇప్పుడు దాళ్వాకి మన చేలోకి వచ్చేది సీలేరు నీళ్లు. ఒరిస్సా సరిహద్దు కొండల్లోంచి వచ్చేవి. ఈ నీళ్లు నీ చేలో చూడాలంటే సీసాలో పట్టుకుపోవాల్సిందే. పట్టవే చెల్లాయ్."

అమ్మ రెండో సీసా కూడా తీసింది.

ఐదు, ఆరు రోజులు

తిరుగు రైలు. ఎదురు బెర్తు కుటుంబం తణుకు వాళ్లు. మావయ్య వాళ్లకి రెండు చెంబులూ ఒక తువ్వాలూ పెట్టి ట్రాలీ ఎలా నడుస్తుందో చూపించాడు. విజయవాడ వచ్చేసరికి పెట్టెలో సగం మందికి ఆబ్ట్ గురించి తెలిసింది. నరసాపురంలో దిగి, పంటు ఎక్కి, ఇంటికి చేరి పడుకున్నాం.

ఏడో రోజు

నా సెలవు ఇంకో రోజు మిగిలింది. మావయ్య పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పద, లొల్ల."

రాజోలు, పి.గన్నవరం, కొత్తపేట, రావులపాలెం. కారులో రెండు గంటల్లోపు దారి. గన్నవరంలో ఆయనే ఆపమన్నాడు. ఇక్కడ వైనతేయ పాయ మీద అక్విడెక్టు ఉంది. కింద ఏరు, ఏటి మీద కమానులు, కమానుల మీద కాలువ. 1850లలో హేగ్ అనే ఇంజనీరు కట్టించిన పాతది 49 కమానులది. దాని పక్కన కొత్తది కట్టారు. మా రాజోలు వైపు చేలన్నిటికీ నీళ్లు ఇలా ఏటిని దాటే వస్తాయి. చిన్నప్పటి నుంచీ బస్సులో దీని మీదుగా పోతున్నాను, ఎప్పుడూ కిందికి చూడలేదు.

లొల్ల ఆత్రేయపురం దగ్గర. చెట్ల నీడ, తలుపుల మీంచి దూకే నీళ్లు, ఫొటోలు దిగే కుర్రాళ్లు. బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువ ఇక్కడికొచ్చి చీలిపోతుంది. నాకు ఇది పిక్నిక్ స్పాటు మాత్రమే. మావయ్య జనం లేని పక్కకి తీసుకెళ్లి, రెండు రాతి గోడల మధ్య సందులాంటి చోటు చూపించాడు. "ఇదిగో నీ ట్రాలీ."

గోడల మధ్య వెడల్పు ఒక పడవ పట్టేంత. ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. దిగాల్సిన పడవ లోపలికి రాగానే ఎగువ తలుపులు మూసేస్తారు. దిగువ తలుపుల్లో ఉండే చిన్న తూములు ఎత్తుతారు. లోపలి నీళ్లు మెల్లగా దిగువ కాలువలోకి పోతాయి, వాటితోపాటే పడవా కిందికి దిగుతుంది. రెండు పక్కలా నీరు సమానమయ్యాక తలుపులు వాటంతటవే వదులవుతాయి. పడవ వెళ్లిపోతుంది. ఎక్కాల్సిన పడవకి ఇదే తిరగేసి. మోటారు లేదు, తాడు కూడా లేదు.

"దిగే పడవ దిగాక లాకు ఖాళీగా ఉంటది కదా. అప్పుడు ఎక్కే పడవని లోపలికి తీసుకోవాలి. వరసగా రెండు దిగే పడవల్ని దింపావనుకో, మధ్యలో ఒకసారి ఉత్తినే నింపాలి. ఒక లాకు నీళ్లు దండగ. ఆ నీళ్లు ఎవడి చేలోవి? అందుకే మా నాన్న దిగే పడవ వస్తే, ఎదురు పడవ కనపడేదాకా ఆపేవాడు. పడవోళ్లు తిట్టేవాళ్లు" అన్నాడు మావయ్య.

సగం దారిలో ఎదురు బండిని చూసి ఆయన ఎందుకంత కేక పెట్టాడో నాకు అప్పుడు తెలిసింది.

తాతయ్య కాలంలో ఇక్కడ రాత్రీ పగలూ పడవలే. ధాన్యం, కొబ్బరికాయలు, పెంకులు, గడ్డి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ కుదరకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. మావయ్య చిన్నప్పుడు ధాన్యం పడవ మీద పడుకుని రాజమండ్రి దాకా వెళ్లాడట. ఆయన ఉద్యోగంలో చేరేసరికి పడవలు పలచబడ్డాయి, చివరికి రావడం మానేశాయి. తాతయ్య తలుపులు తిప్పాడు, ఈయన షట్టర్లు తిప్పాడు. రెండూ ఒకటి కాదని ఆయన బాధ.

మా వైపు కాటన్ దొర అంటే దేవుడితో సమానం. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. దాని బదులు ఇప్పుడున్న బ్యారేజీ 1982లో వచ్చింది, పేరు ఆయనదే. నీళ్లిచ్చినందుకు ఆయనకి మొక్కుతాం గానీ ఆయనకి పడవల పిచ్చి ఎంతో మనకి గుర్తులేదు. ఈ దేశానికి రైళ్ల కంటే పడవలు నడిచే కాలువలే మేలని జీవితాంతం వాదించాడు. ఎవరూ వినలేదు. మావయ్యకి ఈ సంగతి చెబితే, "వినుంటే మొన్న మనం నాసిక్‌కి పడవలో పోయేవాళ్లం, పుష్కరాలకి బయల్దేరితే మళ్లీ పుష్కరాలకి చేరేవాళ్లం" అని నవ్వాడు. అభిమానం వేరు, లెక్క వేరు ఆయనకి.

అయినా ఒక్క విషయం. ఆ కొండ మీద మూడు నిమిషాల్లో ఎక్కినంత ఎత్తు ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా డెల్టా మొత్తంలో లేదు. ఉన్న ఆ కాస్త వాలునీ అంగుళం అంగుళం పంచుకుంటూ పడవల్ని దింపారు, ఎక్కించారు, లక్షల ఎకరాలకి నీళ్లు పెట్టారు. కంటికి కనపడని వాలు మీద బండి నడపడం నాకైతే కొండ మీది ట్రాలీ కంటే కష్టమైన పనిగా కనిపించింది. టికెట్ లేదు గనక ఎవరూ చూడరు.

ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకుని చీకటి పడేలోపు ఇంటికొచ్చాం. దార్లో అమ్మ అడిగింది, ఇందాక లొల్లలో చూసిన నీళ్లు మన దాకా ఎప్పటికొస్తాయని. మావయ్య వంతులు, తూములు, మధ్యలో మోటార్లు పెట్టి తోడేవాళ్లు అన్నీ లెక్కేసి, "రేపు కాకపోతే ఎల్లుండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్న నేను బ్యాగు సర్దుకుని బయటికొచ్చేసరికి మావయ్య వేపపుల్ల నములుతూ బోదె గట్టు మీద ఉన్నాడు. చేతిలో అమ్మ తెచ్చిన రెండో సీసా. మూత తీసి బోదెలోకి మెల్లగా వంపుతున్నాడు. అత్తయ్య వరండాలోంచి అరుస్తోంది, పూజకి అట్టేపెట్టిన నీళ్లు అవి అని.

"పొద్దుటే వచ్చాయా మావయ్యా, లొల్ల నీళ్లు?"

"అవింకా రాలేదు" అన్నాడు సీసా దులుపుతూ. "ఇవి రైలెక్కి ముందొచ్చేశాయి."